మసాలా టీలో ఏది ముందు, ఏది తర్వాత: విరిగే పాల నుంచి ఐరన్ గొడవ దాకా

2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, మన దేశస్థుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 17 సూచనలున్న ఆ పత్రంలో టీ, కాఫీల గురించి చెప్పింది కొంచెమే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగొద్దని, రోజు మొత్తం మీద కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటనివ్వొద్దని. ఆ కొంచెమే వాట్సాప్‌లో పడి, చేతులు మారి, చివరికి "పాలు పోసి మరిగించిన టీ విషంతో సమానం" దాకా వెళ్లింది. ఇప్పటికీ నాలుగు చినుకులు పడగానే ఒక పక్క అల్లం టీ రీల్స్, ఇంకో పక్క ఈ ఫార్వర్డ్‌లు జంటగా తిరుగుతుంటాయి.

విజయవాడ, గుంటూరు ఇళ్లలో టీ గొడవ అంతకన్నా చాలా పాతది. అత్తగారు పాలు, నీళ్లు, పొడి అన్నీ ఒకేసారి పోసి మరిగిస్తారు. కోడలు డికాషన్ వేరుగా దించి పాలు కలుపుతుంది. ఒకరింట్లో అల్లం వేసిన ప్రతిసారీ పాలు విరుగుతాయి, అదే పాలు పోయించుకునే పక్కింట్లో ఎన్నడూ విరగవు. ఒకరు యాలకులు నాలుగు దంచి వేసినా వాసన రాదంటారు, ఇంకొకరు ఒక్కదానితోనే ఇల్లంతా ఘుమఘుమలాడించేస్తారు. వేటికవి వేరు ప్రశ్నల్లా ఉంటాయి గానీ, తరచి చూస్తే చాలావాటికి జవాబు ఒక్కటే: ఏది గిన్నెలో ఎప్పుడు పడింది, ఎంతసేపు ఉంది. మసాలా ప్యాకెట్ ఏ కంపెనీది అన్నది దాని ముందు చిన్న విషయం.

మనం వాడే పొడి, మనం పిలిచే మసాలా

బెజవాడ టీ కొట్లలో మామూలుగా అడిగేది టీ, అల్లం టీ, యాలకుల టీ. ఈమధ్య బెల్లం టీ బోర్డులూ పెరిగాయి. పాలు, నీళ్లు, పొడి, తీపికి తోడు రెండు మూడు సుగంధ దినుసులు పడితే దాన్ని మసాలా టీ అంటున్నాం. అల్లం, యాలకులు దాదాపు ఖాయం. దాల్చినచెక్క, లవంగం, మిరియాలు, శొంఠి, సోంపు ఇంటిని బట్టి మారతాయి. ఇంతే వేయాలన్న పట్టీ ఎక్కడా లేదు. మిర్చి యార్డు ఉన్న గుంటూరులో కూడా టీ ఘాటుకి మిరియాలనే నమ్ముకున్నారు, అది వేరే సంగతి.

టీ పొడి మాత్రం అందరి ఇళ్లలోనూ దాదాపు ఒకటే రకం, సీటీసీ. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికల్లా చుట్టే పద్ధతి ఇది. 1930ల్లో అస్సాంలో మొదలైంది. ఆకు అంతలా చితికిపోవడం వల్ల సారం త్వరగా నీళ్లలోకి దిగుతుంది. తక్కువ పొడితో ఎక్కువ కప్పులొస్తాయి, పైగా ఎన్ని పాలు, ఎంత చక్కెర పోసినా టీ రుచి చావదు. డార్జిలింగ్ ఆకు టీ తెచ్చి ఇలా అల్లం వేసి మరిగించడం డబ్బులు దండగ. సీటీసీలోనే కాస్త పెద్ద గుళికలుగా ఉండేదాన్ని లీఫ్ అని, సన్నటిదాన్ని డస్ట్ అని అమ్ముతారు. మన దక్షిణాదిలో డస్ట్ వాడకం ఎక్కువ. డస్ట్ అంటే ఫ్యాక్టరీలో ఊడ్చి పోగేసిన దుమ్మని భయపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి. జల్లెడ పట్టినప్పుడు కిందికి దిగే సన్న రకానికి వ్యాపారులు పెట్టుకున్న పేరది, అంతే.

మసాలా ఎందుకు కలిసిందన్నదీ తెలుసుకోదగ్గదే. మన దేశంలో టీ తాగడం అలవాటు చేయాలని తోటల యజమానులు గట్టిగా పూనుకున్నారు. 1903లో టీ మీద సెస్సు చట్టం వచ్చింది, ఆ డబ్బు ప్రచారానికి వెళ్లింది. వాళ్లు నేర్పాలనుకున్నది ఆకు దండిగా, పాలు కాసిని. మన కొట్లవాళ్లు దాన్ని తిరగేశారు. ఖరీదైన ఆకును తగ్గించి పాలు, చక్కెర, మసాలా పెంచారు. ఆకు తక్కువ అమ్ముడవుతుందని ప్రచారకులకు ఇది బొత్తిగా నచ్చలేదు. తాగేవాళ్లకు నచ్చింది, అదే నిలిచింది.

పొడిలోంచి నీళ్లలోకి ఏం దిగుతాయి

పచ్చి టీ ఆకులో కాటెకిన్లు అనే పదార్థాలుంటాయి. ఆకు చితికి గాలి తగిలినప్పుడు వాటిలో చాలా భాగం థియాఫ్లేవిన్లుగా, థియారూబిజిన్లుగా మారుతుంది. మొదటివి టీకి మెరిసే రంగును, నాలుక మీద చురుకును ఇస్తాయి. రెండోవి ముదురు రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. వీటన్నిటినీ కలిపి మనం టానిన్లు అనేస్తాం, వాడుకకు అది చాలు. నేరేడుపళ్లు తిన్నాక నోరు పట్టేసినట్టు ఉంటుందే, స్ట్రాంగ్ టీ తాగినప్పుడు ఉండే వగరూ అలాంటిదే. లాలాజలంలోని ప్రోటీన్లను ఇవి పట్టుకోవడంతో నోట్లో జారుడు పోతుంది.

మరుగుతున్న నీళ్లలో పడిన సీటీసీ డస్ట్ తన సారంలో ఎక్కువ భాగాన్ని మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే వదిలేస్తుంది. ఆ తర్వాత మరిగించిన కొద్దీ పెరిగేది చేదు, వగరు. తగ్గేది వాసన. టీ నాణ్యతను రుచి చూసి తేల్చే నిపుణుల కోసం 1980లో ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల పొడి, 6 నిమిషాల సమయం. రకరకాల పొడులను ఒకే కొలతతో పోల్చడానికి పెట్టుకున్న లెక్క అది, కమ్మటి టీకి చిట్కా ఏమీ కాదు. అయినా మన గిన్నెకు అది ఎంత దగ్గరగా వస్తుందో కాసేపట్లో చూద్దాం.

పాలు తీపికోసమో చిక్కదనంకోసమో మాత్రమే కాదు

పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసీన్. ఇది టానిన్లను పట్టుకుంటుంది. అలా పట్టుబడిన టానిన్ ఇక మన నోటి జోలికి రాదు, అందుకే పాలు పడగానే వగరు తగ్గుతుంది. గేదె పాలలో కేసీన్, కొవ్వు రెండూ ఆవు పాల కన్నా ఎక్కువ. ఆవు పాలలో కొవ్వు సుమారు 4 శాతం ఉంటే, గేదె పాలలో 6, 7 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాలంటే గేదె పాలే. అందుకే అక్కడ పొడి ఒక చెంచా ఎక్కువే పడుతుంది. అంతే పొడిని సిటీలో పల్చటి ప్యాకెట్ పాలతో వేస్తే చేదెక్కిపోతుంది.

ప్యాకెట్ పాలకు ప్రభుత్వం పెట్టిన కొలతలున్నాయి. టోన్డ్ పాలలో కొవ్వు కనీసం 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6, డబుల్ టోన్డ్‌లో 1.5. విజయవాడలో కృష్ణా మిల్క్ యూనియన్ వారి విజయ పాలు తీసుకున్నా, గుంటూరు వైపు సంగం డెయిరీ పాలు తీసుకున్నా ఈ మాట ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. టీ రుచి ఈ వారం ఎందుకో తేడాగా ఉందని పొడి డబ్బాను తిట్టేముందు పాల ప్యాకెట్ రకం మారిందేమో చూడటం మేలు.

కొవ్వుకు ఇంకో పని కూడా ఉంది. అది మసాలాలకు సంబంధించినది.

మసాలాల స్వభావాలు: కొన్ని ఆలస్యంగా దిగుతాయి, కొన్ని తొందరగా పారిపోతాయి

దాల్చినచెక్క, లవంగం, మిరియాలు గట్టి సరుకు. వాటి లోపలి నూనెలు, ఘాటు పదార్థాలు బయటికి రావడానికి సమయం పడుతుంది. మిరియాల ఘాటుకు కారణమైన పైపెరిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అల్లం ఘాటునిచ్చే జింజెరాల్ కూడా కొవ్వుకే ఎక్కువ మొగ్గుతుంది. కాబట్టి నీళ్లలో మాత్రమే మరిగిన మిరియాలు వాసన ఇస్తాయి గానీ గొంతులో ఆ వేడి పూర్తిగా రాదు. పాలు పడ్డాక ఇంకో రెండు మూడు నిమిషాలు కలిసి ఉడికితే అప్పుడు తెలుస్తుంది. డబుల్ టోన్డ్ పాలతో పెట్టిన మసాలా టీ ఎందుకు చప్పగా అనిపిస్తుందో అర్థమయ్యే ఉంటుంది.

లవంగంతో కాస్త జాగ్రత్త. దాని వాసనకు మూలమైన యూజెనాల్‌ను పంటి డాక్టర్లు వాడతారు. రెండు గ్లాసులకు ఒక్క లవంగం ఎక్కువైనా టీ కాస్తా డెంటల్ క్లినిక్ వాసన కొడుతుంది. దాల్చినచెక్క పేరుతో మనకు కిరాణా కొట్లో దొరికే మందపాటి బెరడు ఎక్కువగా కేసియా. సిలోన్ దాల్చినచెక్క పల్చటి పొరలు పొరలుగా, చుట్టలా ఉంటుంది, వాసన సున్నితం. కేసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది మోతాదు మించి రోజూ ఒంట్లోకి వెళితే కాలేయానికి మంచిది కాదు. టీలో వేసే చిటికెడు ముక్కతో వచ్చే ఇబ్బంది లేదు గానీ, బరువు తగ్గుతామని చెంచాలకొద్దీ పొడి కలుపుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం.

యాలకులది పూర్తిగా వేరే దారి. వాటి పరిమళమంతా గింజల్లో ఉన్న తేలికపాటి నూనెల్లో ఉంటుంది. వేడి తగలగానే అవి ఆవిరితో పాటు లేచిపోతాయి. వంటింట్లోకి రాగానే "అబ్బ, ఏం వాసన" అనిపించిందంటే ఆ మేరకు గ్లాసులోంచి పోయినట్టే. మొదట్లోనే వేసి పది నిమిషాలు మరిగిస్తే నాలుగు యాలకులు కూడా వీధి పాలవుతాయి. దించడానికి నిమిషం ముందు దంచి వేసి, మంట ఆపి, మూత పెట్టిన ఒక్కటి చాలు. గింజలు తీసేశాక తొక్కలను చక్కెర డబ్బాలోనో పొడి డబ్బాలోనో వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. తొక్కలో నూనె తక్కువే అయినా అంటుకున్న కాస్త వాసన చక్కెరకు పడుతుంది, పారేయడం కన్నా నయం.

రెడీమేడ్ మసాలా పొడి విషయంలో తేడా అంతా ఇక్కడే. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కలో, గుంటూరు పట్నంబజార్‌లోనో విడిగా దినుసులు కొని ఇంట్లో పొడి కొట్టుకున్నా, ప్యాకెట్ కొన్నా, పొడి అయిన రోజు నుంచి యాలకుల వాసన తగ్గుతూనే ఉంటుంది. మిరియాలు, శొంఠి ఘాటు అంత త్వరగా పోదు. అందుకే పాత మసాలా పొడితో పెట్టిన టీలో ఘాటు ఉంటుంది, పరిమళం ఉండదు. శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క పొడి కొట్టి పెట్టుకుని, యాలకులు మాత్రం ఏ పూటకాపూట దంచుకునేవాళ్ల పద్ధతిలో తర్కం ఉంది.

అల్లం వేస్తే పాలు ఎందుకు విరుగుతాయి

ఇక్కడికి వచ్చేసరికి ఇళ్లలో నిందలన్నీ పాలవాడి మీదే పడతాయి. సగం సార్లు అతని తప్పేమీ ఉండదు.

పచ్చి అల్లంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ఒక ఎంజైమ్ ఉంది. జింజిబెయిన్ అంటారు. ఇది గోరువెచ్చని స్థాయి దాటి, 60 డిగ్రీల చుట్టుపక్కల బాగా చురుగ్గా ఉంటుంది. 70 దాటితే త్వరగా చచ్చిపోతుంది. పాలలో కేసీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతుంటుంది, ఆ ఉండలు ఒకదానికొకటి అతుక్కోకుండా పైన ఒక పొర కాపలా ఉంటుంది. అల్లం ఎంజైమ్ ఆ పొరను కోసేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో దీన్నే వంటకంగా మార్చుకున్నారు. అల్లం రసం మీద వేడి పాలు పోసి కదపకుండా ఉంచితే జున్నులా గడ్డ కడుతుంది. వాళ్లకు అది స్వీటు, మనకు టెన్షన్.

ఇప్పుడు మన స్టవ్ దగ్గరికి వద్దాం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలలో తురిమిన పచ్చి అల్లం వేసి సిమ్‌లో పెట్టామనుకోండి. పాలు మెల్లగా వేడెక్కుతూ 50 నుంచి 65 డిగ్రీల మధ్య కొన్ని నిమిషాలు గడుపుతాయి. ఎంజైమ్‌కు కావాల్సింది సరిగ్గా అదే. అప్పటికి పైకి ఏమీ తెలియదు. మరుగు వచ్చే సమయానికి గిన్నె అంచుల్లో సన్నటి రవ్వలాంటిది కనిపిస్తుంది, గరిటెతో ఎత్తి చూస్తే వెనక వైపు పలుకులు అంటుకుని ఉంటాయి, ఇంకో అర నిమిషానికి పసుపు పచ్చటి నీళ్లు వేరైపోతాయి. తురిమిన అల్లంతో ఇది ఎక్కువ, ఎందుకంటే రసమంతా ఒక్కసారిగా పాలలోకి వస్తుంది. కచ్చాపచ్చాగా దంచినదానితో కొంత తక్కువ.

అదే అల్లాన్ని ముందు నీళ్లలో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లించి, ఆ తర్వాత పాలు పోస్తే ఎంజైమ్ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. పక్కింట్లో పాలు విరగకపోవడానికి కారణం సాధారణంగా ఇదే. శొంఠితో కూడా ఈ బెడద చాలా తక్కువ. పైగా ఎండినప్పుడు జింజెరాల్‌లో కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. కాబట్టి శొంఠి టీ పచ్చి అల్లం టీకి నకలు కాదు. దానిది వేరే రుచి.

రెండో కారణం పులుపు. తాజా పాల పీహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కేసీన్ గడ్డ కట్టాలంటే అది 4.6 దాకా పడిపోవాలి, అంటే పెరుగంత పులవాలి. మరిగే వేడిలో మాత్రం అంత పులుపు అక్కర్లేదు, కాస్త పులిసినా చాలు. మే నెల బెజవాడ ఎండలో గుమ్మం ముందు గంటసేపు పడి ఉన్న ప్యాకెట్ నోట్లో వేసుకుంటే మామూలుగానే ఉంటుంది, స్టవ్ ఎక్కిస్తే విరుగుతుంది. పాలు విడిగా కాచినప్పుడు బాగానే ఉండి, అల్లం పడ్డాకే విరిగితే తప్పు వరుసది. విడిగా కాచినా విరిగితే అప్పుడు పాలవాడిని అడగొచ్చు.

బెల్లం టీలో జరిగేది ఈ రెండో రకమే. బెల్లానికి స్వతహాగా కొద్దిపాటి పులుపు గుణం ఉంటుంది, లవణాలూ ఉంటాయి. మరుగుతున్న పాలలో గడ్డ పడేస్తే అది కరిగిన చోట పాలు దెబ్బతింటాయి. అనుభవమున్నవాళ్లు టీ దించి, మరుగు ఆగాక బెల్లం తురుము కలుపుతారు, లేదా గ్లాసులోనే బెల్లం వేసి పైన టీ వడకడతారు.

రెండు గ్లాసుల లెక్క

ఇప్పటిదాకా చెప్పుకున్నదాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఇద్దరికి, మనిషికి 150 మిల్లీలీటర్లు. నీళ్లు 250, పాలు 150, మొత్తం 400 మిల్లీలీటర్లు గిన్నెలోకి వెళతాయి. అందులో ఆవిరిగా పోయేది, పొడి పీల్చుకునేది కలిపి 80 నుంచి 100. మిగిలేది దాదాపు రెండు గ్లాసులు.

పొడి రెండు చెంచాలు తలగొట్టి, అంటే సుమారు 5 గ్రాములు. దాన్ని 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేస్తే 100కు 2 గ్రాములు. ఐఎస్‌ఓ వాళ్ల కొలతే! మన అమ్మలు ఏ ప్రమాణాలూ చదవకుండా చేతి లెక్కతో అక్కడికే వచ్చారు.

కాలం ఇలా నడుస్తుంది. బొటనవేలి గోరంత అల్లం దంచి, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు మూడు మిరియాలు నలిపి చల్లటి నీళ్లలోనే వేసి స్టవ్ మీద పెడితే మరుగొచ్చాక మూడు నిమిషాలు. పొడి పడ్డాక రెండు నిమిషాలు. ముందే కాచి ఉంచిన వేడి పాలు పోసి, ఒక పొంగు రానిచ్చి, సిమ్‌లో ఇంకో మూడు నిమిషాలు. చివరి నిమిషంలో ఒక యాలక్కాయ. స్టవ్ కట్టేసి మూత పెట్టి ఒక నిమిషం. మొత్తం పది నిమిషాలు.

ఇందులో పాలు, నీళ్ల కొలత, వరుస మార్చి చూడండి. 250 పాలు, 150 నీళ్లు మొదటి నుంచీ కలిపి, అదే 5 గ్రాముల పొడి అందులో వేస్తే దిగే సారంలో కొంత భాగాన్ని కేసీన్ వెంటనే పట్టేసుకుంటుంది. రంగు లేతగా ఉండిపోతుంది. "ఇంకా రంగు రాలేదు" అని మూడో చెంచా వేస్తారు, లేదా మరో ఐదు నిమిషాలు మరిగిస్తారు. పాల టీ ఎప్పుడూ ఎక్కువ పొడి మింగుతుందన్న ఫిర్యాదు అక్కడిదే.

కలిపి మరిగించాలా, డికాషన్ వేరుగానా

రెండు పక్షాల దగ్గరా న్యాయం ఉంది. అన్నీ కలిపి మరిగించేవాళ్లు కోరుకునేది కాచిన పాల రుచి. పాలు చాలాసేపు మరిగితే అందులోని ప్రోటీన్లు మారతాయి, నీరు తగ్గుతుంది, కొంచెం కోవా ఛాయ వస్తుంది. పల్లెటూరి టీ అని మనం ఇష్టంగా చెప్పుకునే రుచి చాలావరకు ఇదే. డికాషన్ వాళ్లు అనేది, అలా మరిగితే టీ ఉడికిపోతుంది, వాసన పోతుంది అని. అదీ నిజమే. కొట్లలో డికాషన్ వేరుగా ఉంచడానికి ఇంకో కారణం వ్యాపారం. గంటకో రద్దీ ఉండే బస్టాండ్ పక్క కొట్టులో ఒకరు స్ట్రాంగ్ అంటారు, ఒకరు లైట్ అంటారు, డికాషన్, పాలు విడివిడిగా ఉంటేనే కుదురుతుంది. ఇరానీ చాయ్ పద్ధతి మధ్యరకం. డికాషన్ మూత కింద సన్న సెగ మీద, పాలు వేరే గిన్నెలో చిక్కబడే దాకా, రెండూ కప్పులోనే కలుస్తాయి.

నా మటుకు నాకు తేడా అల్లం దగ్గరే తేలుతుంది. అల్లం ఉంటే నీళ్ల మరుగు ముందు రావాల్సిందే, తర్వాత ఏ పక్షమైనా ఒకటే. అల్లం లేని యాలకుల టీకి అన్నీ కలిపి మరిగించినా నష్టం పెద్దగా లేదు, యాలకులు చివర్లో పడితే చాలు.

నీళ్ల సంగతి ఒక్క మాట. బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ. వాటితో టానిన్లు కలిసి పైన పల్చటి తెట్టు కడుతుంది, రంగు మట్టిగా ఉంటుంది. ఫిల్టర్ నీళ్లతో అదే పొడి ఎర్రగా, కాస్త చురుగ్గా వస్తుంది. కొత్త ఇంట్లోకి మారాక టీ రుచి మారిందనేవాళ్లు చెప్పేది భ్రమ కాదు.

ఎన్‌ఐఎన్ అన్నదేంటి, ఫార్వర్డ్‌లు అన్నదేంటి

ముందు కెఫీన్. టీ పొడి బరువులో కెఫీన్ సుమారు 3 శాతం అనుకుంటే, మన 5 గ్రాముల్లో 150 మిల్లీగ్రాములు. మొత్తం దిగినా గ్లాసుకు 75 దాటదు, మొత్తం ఎప్పుడూ దిగదు. ఎన్‌ఐఎన్ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65. అంటే గట్టి టీ అయినా నాలుగు గ్లాసుల దాకా 300 పరిమితి లోపే. కాఫీ కూడా తాగితే ఆ లెక్కలోంచి తీసేయాలి, అదే కొలత ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది. పాలు పోస్తే కెఫీన్ తగ్గుతుందన్నది అపోహ. గర్భిణులకు, నిద్ర పట్టనివాళ్లకు పరిమితి ఇంకా తక్కువ ఉండాలి, అది డాక్టర్‌తో తేల్చుకోవాల్సింది.

ఐరన్ విషయం మాత్రం తీసిపారేసేది కాదు. పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల్లోని ఐరన్‌ను టానిన్లు పట్టుకుని ఒంటికి అందనివ్వవు. మాంసంలోని ఐరన్ మీద ప్రభావం తక్కువ. మన పొద్దుటి అలవాటు చూడండి, పెసరట్టు తిని చెయ్యి కడుక్కోగానే టీ. పెసల్లోని ఐరన్‌కు అంతకన్నా చెడ్డ తోడు ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికంతటికీ టీ కారణం అనలేం, కానీ రక్తం తక్కువున్నవాళ్లకు గంట ఎడం పాటించడం అర్థమున్న సలహా. ఎన్‌ఐఎన్ అడిగింది ఆ ఎడమే. టీ మానేయమని కాదు.

పాలు కలిపితే టీ మేలు పోతుందా? ఇక్కడ పరిశోధకులే ఒక్క మాట మీద లేరు. 2007లో బెర్లిన్‌లోని చారిటే ఆసుపత్రి పరిశోధకులు 16 మంది మహిళలకు అర లీటరు బ్లాక్ టీ ఒకసారి, పది శాతం వెన్న తీసిన పాలు కలిపిన టీ ఒకసారి ఇచ్చి చూశారు. బ్లాక్ టీ తాగినప్పుడు రక్తనాళాలు బాగా వ్యాకోచించాయి, పాలు కలిపితే ఆ ఫలితం కనిపించలేదు. మరోవైపు, 1998లో నెదర్లాండ్స్‌లో 12 మందితో చేసిన అధ్యయనంలో పాలు కలిపినా రక్తంలోకి చేరే కాటెకిన్లు తగ్గలేదు. పాలు లేని టీకి కొన్ని లాభాలున్నాయని ఎన్‌ఐఎన్ పత్రమూ ప్రస్తావించింది. రెండూ చిన్న అధ్యయనాలే, పైగా వాటిలో వాడింది సగం పాలు పోసి పొంగించిన మన టీ కాదు. మేలు కొంత తగ్గొచ్చు అనడానికీ విషం అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

నిజానికి మన టీలో లెక్కకు రావాల్సింది తీపి. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర, అంటే దాదాపు 10 గ్రాములు. రోజుకు మూడు గ్లాసులైతే 30. పైనుంచి కలిపే చక్కెరలు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2,000 కేలరీలు తీసుకునే మనిషికి ఆ రెండు హద్దులు 50 గ్రాములు, 25 గ్రాములు. టీ ఒక్కటే రెండో హద్దు దాటించేసింది. బెల్లం వేస్తే ఖనిజాలు కాసిని దొరుకుతాయి, కానీ అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం టీ మినహాయింపేమీ కాదు.

రంగు కలిపిన పొడి, మిగిలిపోయిన టీ

లూజుగా తూచి ఇచ్చే పొడి విషయంలో ఉన్న భయం రంగు. వాడేసిన పొడిని ఎండబెట్టి, రంగు కలిపి మళ్లీ అమ్మే మోసం కొత్తది కాదు. ఇంట్లో చూసుకోవడానికి ఫుడ్ సేఫ్టీ అధికారులు చెప్పే పద్ధతి తేలిక. ఫిల్టర్ కాగితం మీద కాస్త పొడి చల్లి, కొన్ని చుక్కల నీళ్లు వేసి తడపాలి. తర్వాత పొడి దులిపేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పెట్టి చూస్తే, మంచి పొడి మరక వదలదు. రంగు కలిపినది ఉంటే మరకలు నిలిచిపోతాయి. ఇనుప రజను అనుమానం ఉంటే పొడిని గాజు పళ్లెంలో పరిచి అయస్కాంతం తిప్పితే తెలిసిపోతుంది.

మళ్లీ వేడి చేసిన టీ విషమన్న మాటలో నిజం సగమే. అరగంట కిందటి టీని వెచ్చబెట్టుకుంటే రుచి చస్తుంది, రంగు నల్లబడుతుంది, అంతే. భయపడాల్సింది టానిన్లకు కాదు, పాలకు. పాలు, చక్కెర కలిసిన ద్రవం వేసవిలో బయట గంటల తరబడి ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా బీజాలు మరుగును కూడా తట్టుకుంటాయి, కొన్ని వదిలే విషపదార్థాలు మళ్లీ కాచినా పోవు. ఆఫీసుకు ఫ్లాస్కులో పట్టుకెళ్లాల్సి వస్తే పాలు కలపని మసాలా డికాషన్ పోసుకెళ్లి, తాగేముందు వేడి పాలు కలుపుకోవడం పొగలు తగ్గిన పాల టీని మధ్యాహ్నం దాకా ఉంచుకోవడం కన్నా భద్రం.